ఇరవై మూడో కేంద్రం సున్నాలు

పొదల ఉద్యోగంలో చేరినప్పుడు నేను కోరుకున్నది ఒక్కటే. ఇక మీద నా పట్టికల్లో మనుషులు ఉండకూడదు.

2021 ఏప్రిల్, మే నెలల్లో రాయ్‌పూర్‌లో ఒక కంట్రోల్ రూమ్‌లో కూర్చుని, రోజూ సాయంత్రం ఐదింటికల్లా చావుల లెక్క ఎక్సెల్‌లో ఎక్కించే పని చేశాను. స్టాటిస్టిక్స్ చదివినందుకు అది నా నెత్తిన పడింది. ఫోన్ అవతల వాళ్లు ఏడుస్తూ పేరు, వయసు చెప్పేవాళ్లు. నేను ఏడవకుండా టైపు చేసేదాన్ని. పాజిటివ్ రిపోర్టు ఉన్నవాళ్లు ఒక షీటులో, లేనివాళ్లు ఇంకో షీటులో. రెండో షీటు ఎంతకొచ్చిందని ఒక్కరూ అడగలేదు. రెండు నెలలయ్యాక మా అమ్మ హన్నా నా మొహం చూసి, "కీర్తనా, నువ్వింక ఆ పనికి వెళ్లొద్దు" అంది. ముప్పై ఏళ్లు నర్సుగా చేసిన మనిషి. ఆవిడ మాట ఎప్పుడూ వినని నేను ఆ ఒక్కసారి విన్నాను.

ఆగస్టులో దేవేంద్ర నగర్‌లో ఒక చిన్న పరిశోధన సంస్థలో కాంట్రాక్టు మీద చేరాను. ఎండలు ముదిరి, వానలు వేళ తప్పుతున్నకొద్దీ ఈ చుట్టుపక్కల ఏ పొద ఎక్కడ మిగులుతుంది, ఎక్కడ పోతుంది అని కంప్యూటర్‌తో అంచనా కట్టడం నా పని. నాకు అప్పజెప్పింది కలివి పొద. ఒళ్లంతా ముళ్లు, తెల్లటి చిన్నపూలు, వేసవి చివర నల్లటి కాయలు. ఇక్కడివాళ్లు జంగ్లీ కరోందా అంటారు. పొదలు ఫోన్ చేసి ఏడవవు కదా అని నిమ్మళంగా చేరిపోయాను.

మా లెక్కంతా పోస్టు కార్డుల మీద నడుస్తుంది. నలభై రెండు కేంద్రాలున్నాయి. కేంద్రమంటే భవనమేమీ కాదు, రెండు సిమెంటు రాళ్ల మధ్య ఉన్న డొంక. ఒక్కో కేంద్రానికి ఒక్కో పరిశీలకుడు. సోమవారం పొద్దున్నే ఆ రాయి నుంచి ఈ రాయి దాకా నడిచి, కలివి పొదలు ఎన్ని చూశాడో కార్డు మీద రాసి పోస్టు డబ్బాలో వేస్తాడు. మూడు నెలలకోసారి మేమే పదమూడు కార్డులు అచ్చు వేయించి పంపుతాం. కేంద్రం నంబరు, పరిశీలకుడి పేరు వాటి మీద ముందే ఉంటాయి. తేదీ, సంఖ్య, ఈ రెండే వాళ్లు రాయాలి. వరసగా నాలుగు సోమవారాలు కార్డు రాకపోతే కేంద్రం మూసేస్తాం, కార్డులు పంపడం ఆపేస్తాం.

ఈ కాలంలో పోస్టు కార్డులేమిటని చేరిన రోజే అడిగాను. 2014లో ఇది మొదలుపెట్టినప్పుడు ముందుకొచ్చిన వాళ్లంతా రిటైరైన రైల్వే వాళ్లు, స్కూలు మాస్టర్లు, నడక అలవాటున్న పెద్దవాళ్లేనట. "వాళ్లకి యాప్ నేర్పేలోగా నేను రిటైరవుతానమ్మా" అన్నారు మా డైరెక్టరు మురళీమోహన్ గారు. ఆయనది విశాఖ వైపు. ముప్పై ఏళ్లుగా రాయ్‌పూర్‌లో ఉండి, కోపం వస్తే మాత్రం హిందీలోకి దిగిపోతారు.

2024 జనవరి రెండో వారంలో ఆయన హిందీలోకి దిగారు. శుక్రవారానికి మా రిపోర్టు అటవీ శాఖకి వెళ్లాలి. కలివికి భవిష్యత్తు ఉన్న డొంకలు కాపాడాల్సిన జాబితాలో ఉంటాయి, లేనివి జాబితాలోంచి పోతాయి. ఒకసారి పోయాక ఆ నేలను ఎవరు చదును చేసినా అడిగే దిక్కుండదు. నా పటంలో నగరానికి ఉత్తరం వైపు, ధర్సీవా దాకా ఎర్రగా వచ్చింది. ఎరుపు అంటే 2050 నాటికి అక్కడ కలివి ఉండదని.

"యే క్యా హై, కీర్తనా? అంత గట్టి పొద, రాళ్లలో బతికేది, రెండు డిగ్రీలు పెరిగితే పోతుందా?"

"మోడల్ అలా అంటోంది సార్."

"మోడల్‌కి ఆ మాట ఎవరు చెప్పారో చూడు."

చూశాను. చెప్పింది ముఖ్యంగా ఇరవై మూడో కేంద్రం. బీర్‌గావ్ దాటి ధర్సీవా వెళ్లే దారిలో ఉన్న డొంక. పరిశీలకుడి పేరు రామయ్య, రైల్వేలో కీమాన్‌గా రిటైరయ్యాడని పాత ఫారంలో ఉంది. పట్టాల వెంట రోజూ నడుస్తూ బిగుతు తప్పిన కీలను సుత్తితో కొట్టే పని. 2014 జూలై నుంచి మొదటి లాక్‌డౌన్ వారాలు తప్ప ఒక్క సోమవారం ఎగ్గొట్టలేదు. ఇరవై ఎనిమిది, ముప్పై, మళ్లీ ఇరవై తొమ్మిది. 2021 ఏప్రిల్ 19న ముప్పై ఒకటి. ఏప్రిల్ 26న కార్డు లేదు. మే 3న సున్నా. అక్కణ్నుంచి నిన్నటి సోమవారం దాకా నూట నలభై ఒక్క సున్నాలు.

ముప్పై ఒక్క పొదలు రెండు వారాల్లో మాయం కావు. మంట పెట్టి ఉండాలి, లేదా నరికి ఉండాలి. ఉపగ్రహం తీసిన బొమ్మల్లో ఆ రెండింటి జాడా లేదు, డొంక పచ్చగానే ఉంది. అంటే ముసలాయన ఇంట్లో కూర్చుని సున్నాలు చుట్టి పంపుతున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మేం ఇక్కడ కళ్లు పోయేలా లెక్కలు చేస్తుంటే అక్కడ ఆయనకు నడవడానికి బద్ధకం. మానేస్తే మానేశానని చెప్పొచ్చు కదా. 2021 మే అన్న మాట చూడగానే ఇంకెవరికీ తట్టకపోయినా నాకు తట్టాలి. తట్టలేదు. అలసిపోయిన మనిషికి కోపం వచ్చినంత తొందరగా ఆలోచన రాదు.

మంగళవారం స్కూటీ మీద బయల్దేరాను. ముందు డొంకకే వెళ్లాను, ఆయన మొహం మీద కొట్టినట్టు లెక్క చెప్పాలని. రాళ్లు రెండూ ఉన్నాయి, మీద నంబరు చెరిగిపోయింది. రెండుసార్లు అటూ ఇటూ నడిచాను. చున్నీ ముళ్లకు పట్టుకుని చిరిగింది, మోచెయ్యి గీసుకుపోయింది. కలివి పొదలు ముప్పై మూడు. వాటిలో రెండు నా మోకాలెత్తు కూడా లేవు. ముప్పై మూడు అని ఫోన్‌లో రాసుకుని, ఫోటోలు తీసుకుని, బీర్‌గావ్‌కు వచ్చాను.

రామయ్య ఇల్లు రెండు గదుల రేకుల ఇల్లు. ఫ్యాక్టరీ పనివాళ్ల గదుల వరసలో చివరిది. గుమ్మంలో ఒక పెద్దావిడ కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది.

"రామయ్య గారిల్లు ఇదేనా?" అన్నాను హిందీలో.

నా హిందీ వింటూనే ఆవిడ తెలుగులో అడిగింది. "ఎవులమ్మా నువ్వు? మనోళ్లలాగున్నావు."

"పొదల ఆఫీసు నుంచి వచ్చాను పెద్దమ్మా. రామయ్య గారితో మాట్లాడాలి. కార్డుల సంగతి."

ఆవిడ చేట పక్కన పెట్టింది. తప్పు చేసి పట్టుబడ్డ పిల్ల చూసినట్టు చూసింది.

"ఆయన సచ్చిపోయి మూడేళ్లవుతంది తల్లీ" అంది. "కూకో. మంచినీళ్లు తాగు."

 సిగ్గుతో కూర్చున్నాను. నీళ్లు ఇచ్చింది, తాగాను. ఆవిడ పేరు దాలమ్మ. పెళ్లయ్యాక శ్రీకాకుళం వైపు పల్లె నుంచి వచ్చి నలభై ఆరేళ్లుగా ఇక్కడే ఉంది. పిల్లలు లేరు. ఆయన ఎప్పుడు పోయారని అడిగాను. అడగకపోయినా నాకు తెలిసేది.

"ఏప్రిల్ ఇరవై రెండు. నాలుగు దినాలు బుఖార్. టెస్టు సేయించనేదు, లైను సూసి ఎనక్కొచ్చీసినాడు. ఊపిరాడక ఆటోలో అస్పతాల్‌కి తీసుకుపోతన్నాం. దోవలోనే అయిపోనాది. అక్కడోళ్లు మా లెక్కలోకి రాదన్నారు, ఇంటికాడ సచ్చినట్టు రాయించుకోమన్నారు. ఇంటికాడా సావనేదు గదా తల్లీ. అయినా అలాగే రాయించుకున్నాం."

ఆ రెండో షీటులో ఆయన పేరు నేనే కొట్టి ఉంటానా అని ఆలోచించాను. గుర్తు లేదు. గుర్తుండదు కూడా. ఆ షీటులో రామయ్యలు ఎంతమందో.

"మరి కార్డులు?" అన్నాను.

"నానే రాసినాను."

"సున్నాలు?"

"నాకు అంకెలే వచ్చు. ఆయనే నేర్పినాడు, బస్సు నంబరు సూసుకోడానికి." లోపలికి వెళ్లి ఒక కార్డు తెచ్చింది. వచ్చే సోమవారానిది, ఇంకా రాయనిది. మా సంస్థ అచ్చు వేసిన అక్షరాల మీద వేలు పెట్టింది. "ఇది ఆయన పేరే గదా?"

"అవును."

"ఈ కింద ఏటని ఉంది? ఎన్ని సూసినావు అనే గదా? ఆయన సెప్పీవోడు. సూడకుండా రాస్తే పాపం, వానొచ్చినా ఎల్లి సూసే రాయాల అనీవోడు. మోకాళ్లు నొప్పులు, నానెల్లనేను. ఎల్లినా ఏ రాయి కాడి నుండి ఏ రాయి కాడికో నాకు తెలీదు. నాను సూడనేదు. ఎన్ని సూసినావంటే సున్నాయే గదా. అబద్దం రాయనేదు తల్లీ."

నిజమే. ఆవిడ రాసిన నూట నలభై ఒక్క కార్డుల్లో ఒక్క అబద్ధం లేదు. ఎన్ని చూశారని అడిగిన మేమే, అసలు చూడటానికి వెళ్లారా అని ఎక్కడా అడగలేదు. పదేళ్లుగా ఆ కార్డు అచ్చవుతోంది, ఒక గడి తక్కువైందని ఇంతమంది చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ తోచలేదు. ఆవిడ మీద తెచ్చుకున్న కోపం కాస్తా మా మీదికి తిరిగింది.

"ఆయన పోయారని రాసి పంపితే సరిపోయేది కదా పెద్దమ్మా. ఎందుకింత కష్టపడ్డావు?"

 దాలమ్మ చేటలో బియ్యం అటూ ఇటూ జరిపింది.

"సావు సర్టిఫికెట్టు ఇచ్చినారు మున్సిపాలిటీలో. ఆ కాయితం ఎక్కడిస్తే అక్కడ ఆయన పేరు కొట్టీసినారు. రాషన్ కార్డుల కొట్టీసినారు. గ్యాసు బుక్కుల కొట్టీసినారు. ఓటర్ లిస్టుల కొట్టీసినారు. బ్యాంకుల ఇంత పొడుగు గీత గీసి నా పేరు రాసినారు. నాలుగు వారాలు కార్డు రాకపోతే ఇక్కడా తీసేత్తారని ఆయనే సెప్పీవోడు. పెద్దకర్మ అయిన మర్నాడు సోమవారం. కార్డు ఏసీసినాను." ఆగింది. "మూడు నెల్లకోపాలి ఆయన పేరు మీద పోస్టొస్తాది తల్లీ. పోస్టుమాన్ గుమ్మంల నిలబడి రామయ్యా అని పిలుస్తాడు. ఇంకెవులు పిలుస్తారు?"

 శుక్రవారం నెత్తి మీద ఉంది. మెల్లిగా అంతా చెప్పాను. ఆ సున్నాలు చూసి కంప్యూటర్ అక్కడ కలివి చచ్చిపోయిందనుకుంటోందని, ఎండల వల్ల పోయిందని పటంలో రాస్తోందని, అలాగే వదిలేస్తే ఆ డొంక జాబితాలోంచి పోతుందని, తర్వాత దాన్ని చదును చేసేస్తారని. సున్నాలు తీసెయ్యాలంటే ఆయన సర్టిఫికెట్ జిరాక్సు కావాలని.

"అయితే మీ కాడా కొట్టీస్తారన్నమాట" అంది.

"కార్డులు ఆపేస్తాం పెద్దమ్మా."

"ఇవ్వను తల్లీ. నువ్వు మంచిదానివే. ఇవ్వను."

బతిమాలలేదు. లేచాను. స్కూటీ తీస్తుంటే వెనక నుంచి అడిగింది.

"డొంక కాడికి ఎల్లినావా నువ్వు?"

"వెళ్లాను. ముప్పై మూడు ఉన్నాయి."

"ఆయన ఆఖర్న ఎంత రాసినాడు?"

"ముప్పై ఒకటి."

 నేను సందు మలుపు తిరిగేదాకా ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది.

మురళీమోహన్ గారు అంతా విని కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. "ఆవిడ చెప్పింది నిజమే అయ్యుంటుంది. కానీ పంపిన కార్డులు పంపినట్టే ఉన్నాయి కదా. వాటిని తీసెయ్యాలంటే ఏదో ఒక కాయితం చూపించాలి. లేకపోతే నచ్చని అంకెలు చెరిపేశారంటారు. రేపు మన రిపోర్టంతా చెత్తబుట్టలోకి పోతుంది."

"ముప్పై మూడు లెక్కపెట్టి వచ్చాను సార్. ఫోటోలున్నాయి."

"నిన్నటిదాకా సున్నా, ఇవాళ ముప్పై మూడు. నువ్వైతే నమ్ముతావా?"

నమ్మను. నేనైతే లెక్కపెట్టిన పిల్లని బయటికి పంపిస్తాను.

బుధవారం పొద్దున ఇంకో పని చేశాను. చెయ్యకుండా ఉంటే బాగుండేది. ఉత్తరం వైపు ఎరుపంతా ఒక్క ఇరవై మూడుదే కాదు. ఆ నలభై రెండులోనే 2021 మే, జూన్ నెలల్లో మూసేసిన కేంద్రాలు ఏడున్నాయి. ఏడింటి పక్కనా కారణం గడిలో ఒకే మాట ఉంది, స్పందన లేదు. మూసేసిన కేంద్రాల దగ్గర అంకె ఉండదు, ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలను నా ప్రోగ్రాం సున్నాలుగా చదివింది. దాన్ని రాసింది వేరే ఎవరో కాదు, నేనే. దాలమ్మ అయినా నిజం రాసింది, నేను అది కూడా చెయ్యలేదు.

ఏడు నంబర్లకూ ఫోన్లు చేశాను. ఒకటి పని చెయ్యడం లేదు. ఒకాయన కొడుకు దగ్గరికి భిలాయ్ వెళ్లిపోయాడు. మిగతా ఐదుగురూ లేరు. ఒకరికి కోడలు మాట్లాడింది, ఒకరికి మనవడు, ఒకరి నంబరు ఇప్పుడు ఎవరో కూరగాయలవాడిది, అయినా ఆయన సంగతి వాడికి తెలుసు, ఇంటివాళ్ల నంబరూ ఇచ్చాడు. ఐదుగురూ ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మొదటి వారం లోపలే. రామయ్యతో ఆరుగురు. నలభై రెండు మంది పెద్దవాళ్లలో ఆ రెండు నెలల్లో మామూలుగా ఒకరు పోతే పోయినట్టు. ఆరుగురు పోయారు. ఇది తెలుసుకోవడానికి కంప్యూటర్ అక్కర్లేదు, వేళ్లు చాలు. నా మోడల్ మాత్రం ఆరుగురు మనుషుల చావును పొదల చావు కింద చదివి, నేరాన్ని ఎండల మీదికి నెట్టింది.

ఐదు ఇళ్ల వాళ్లూ సర్టిఫికెట్ల ఫోటోలు వాట్సాప్‌లో పంపారు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఇన్నాళ్లకి ఎవరో ఒకరు అడిగారని సంతోషించినట్టే మాట్లాడారు. ఒకావిడ, "కరోనా అని రాస్తారా?" అని అడిగింది. సర్టిఫికెట్లో కారణం ఉండదు, రిపోర్టు లేకుండా మేం రాయలేం అన్నాను. "హా, పతా హై" అంది, తెలిసిన సంగతేగా అన్నట్టు. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచాను, తినబుద్ధి కాలేదు. రెండున్నరేళ్లు పొదల చాటున దాక్కుంటే ఏమైంది, మళ్లీ అదే షీటు నా ముందుకొచ్చింది. ఒకసారి మనుషుల లెక్కలోకి దిగాక బయటపడటం ఉండదు కాబోలు అనిపించింది. విసుగు, దుఃఖం, నిద్ర, మూడూ కలిసి వచ్చాయి.

సాయంత్రానికి ప్రోగ్రాం సరిచేసి మళ్లీ నడిపించాను. పటంలో ఎరుపు చాలామటుకు తగ్గింది. ఇరవై మూడు దగ్గర మాత్రం గోరంత మచ్చ మిగిలింది. సరిగ్గా ఆ డొంక మీద.

దాలమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లమని మురళీమోహన్ గారు అనలేదు. నేనూ వెళ్తాననలేదు. వెళ్లి ఏమని అడగాలి? నీ మొగుడి పేరు నువ్వే కొట్టేసి ఇవ్వు అనా? ఆ డొంక పోతే పోనీ అని ఒక క్షణం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. నలభై రెండింట్లో ఒకటి. అలసిపోయినప్పుడు మనిషి ఎంత తొందరగా ఒకటి వదిలేస్తాడో నాకు కంట్రోల్ రూమ్‌లోనే తెలిసింది.

గురువారం పదకొండింటికి వాచ్‌మన్ వచ్చి ఎవరో ముసలావిడ వచ్చిందన్నాడు. దాలమ్మ. బీర్‌గావ్ నుంచి రెండు ఆటోలు మారి, దేవేంద్ర నగర్‌లో మా గేటు వెతుక్కుని వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుంది. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో మడత పెట్టిన సర్టిఫికెట్.

కుర్చీ వేశాను. మోకాళ్లు పట్టుకుని మెల్లిగా కూర్చుంది.

"రెండు రాత్రులు నిద్ర పట్టనేదు తల్లీ. ఆయన ముప్పై ఒకటి రాసి ఎల్లిపోనాడు. ఆ తరవాత రెండు పుట్టినాయి గదా, ఆయన సూడనివి. నాను సున్నా రాసి అన్నిట్నీ సంపీసినాను. అబద్దం రాయనేదనుకున్నాను. ఆయన రాసింది అబద్దం సేసీసినాను."

"నీ తప్పేం లేదు పెద్దమ్మా. కార్డు అడగడమే సరిగ్గా అడగలేదు."

"ఎవుల తప్పైతేనేటి. పొదలు పోతాయి గదా."

"నీ పేరు మీద కార్డులు పంపించనా? ఎవరినైనా తోడు తీసుకుని..."

"ఈ కాళ్లతోనా?" చిన్నగా నవ్వింది. "ఒద్దమ్మా. ఎవులైనా గట్టి మనిషిని ఎతుక్కోండి."

సర్టిఫికెట్ నా చేతికిచ్చింది. స్కాన్ చేసి తిరిగి ఇచ్చేశాను. దాన్ని మళ్లీ అదే మడతల మీద మడిచి సంచిలో పెట్టుకుంది. నేను పరిశీలకుల పట్టిక తెరిచాను. రామయ్య పేరు ఉన్న వరస దగ్గర ఆగాను. అందులో రెండు దారులున్నాయి. వరస మొత్తం తీసెయ్యొచ్చు, అప్పుడు ఆయన రాసినవన్నీ కూడా పోతాయి. లేదా ముగింపు తేదీ వెయ్యొచ్చు.

దాలమ్మ స్క్రీన్ వైపు ముందుకు వంగింది. "ఇప్పుడు కొట్టీస్తావా?"

"కొట్టెయ్యను. ఇది ఆయన పేరు. ఇలాగే ఉంటుంది. పక్కన చూడు, ఆయన మొదలుపెట్టిన తేదీ, 2014 జూలై ఏడు. దాని పక్కన ఖాళీగా ఉందే, అక్కడ ఏప్రిల్ ఇరవై రెండు వేస్తాను. నీ సున్నాలు పోతాయి. ఆయన లెక్కపెట్టినవన్నీ ఎప్పటికీ ఉంటాయి. కార్డులు మాత్రం ఇక రావు పెద్దమ్మా. పోస్టు రాదు."

ఆవిడ ఆ ఖాళీ గడిని చాలాసేపు చూసింది. వద్దంటుందేమోనని భయపడ్డాను. వద్దంటే బాగుండునని కూడా అనిపించింది.

"అంటే ఆ తేదీ కాడికే ఉంతాడన్నమాట ఆయన."

"అవును. అక్కడి దాకానే."

దాలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, నా కీబోర్డు వైపు చెయ్యి చూపించింది.

"అక్కడి దాకానే గదమ్మా ఉన్నాడు. రాసీ" అంది.

రాశాను.